కళ్లతో చూడనిదానికి సాక్ష్యం



ఈ వారం మీ ముందు ఒక చిన్న ప్రశ్న పెడుతున్నాను. కాగితం మీద పెట్టిన టిక్కు అబద్ధం కాగలదా? నోరు తెరిచి ఒక్క మాట అనకుండా, సంతకమైనా చేయకుండా, పెన్నుతో చిన్న గీత గీసినంత మాత్రాన మనిషి అబద్ధమాడినట్లు అవుతుందా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాలలో ఎదురైంది కాదు. మన తోటపల్లి గూడూరు ప్రాంతపు కుర్రవాడొకడు కిందటి సంవత్సరం ఈస్టరు పండుగ దాటిన వారంలో నా దగ్గరకు తెచ్చాడు. ఇది పాపసంకీర్తనంలో చెప్పిన సంగతి కాదు. సాయంత్రం పూట గుడి వరండాలో కూర్చుని చెప్పుకున్నది. అతని అనుమతితోనే రాస్తున్నాను. అతని పేరు గాని, ఊరు గాని, పనిచేసే ఆఫీసు గాని చెప్పను. వాటితో మనకు పనిలేదు.

చార్టర్డ్ అకౌంటెంటు కావాలంటే పరీక్షలు ప్యాసైతే సరిపోదని మీలో పిల్లలను ఆ చదువుకు పంపినవారికి తెలుసు. 1949 చట్టం కింద ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ నియమం ప్రకారం, ప్రాక్టీసులో ఉన్న ఆడిటరు దగ్గర ఆర్టికల్‌షిప్ చేయాలి. చాలాకాలం అది మూడేళ్లుగా ఉండేది. 2023 జూలై నుండి చేరినవారికి రెండేళ్లు చేశారు. వడ్రంగి దగ్గర కుర్రవాడు చేరి ఉలి పట్టడం నేర్చుకున్నట్లే, ఆడిటరు దగ్గర చేరి లెక్కలు పరిశీలించడం నేర్చుకుంటారు. ఇచ్చేది జీతం కాదు, కొద్దిపాటి స్టైపెండు. బయట ఊళ్లకు పంపినప్పుడు బత్తా ఇస్తారు.

మన కుర్రవాడు కౌలు రైతు కొడుకు. రోజూ పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవాడు. ఇంట్లో మొదటిసారిగా ఒకడు పొలం పని, రొయ్యల గుంటల కాపలా కాకుండా వేరే పని నేర్చుకుంటున్నాడని తల్లిదండ్రులకు ఎంతో సంతోషం.

మార్చి 31వ తేదీన అతన్ని జిల్లాలోని ఒక రైస్ మిల్లుకు స్టాకు చూసి రమ్మని పంపారు. ఆ రోజు అన్ని కంపెనీలకూ సంవత్సరాంతం గనుక ఆఫీసులో ఉన్నవారందరినీ తలా ఒక చోటికి పంపారు. ఇతడు ఒంటరిగా వెళ్లాడు. మిల్లు గుమాస్తా టైపు చేసిన కాగితం చేతికిచ్చాడు. ఒక గోడౌనులో 3,600 ధాన్యం బస్తాలు ఉన్నట్లు అందులో ఉంది. బస్తా 75 కిలోల చొప్పున చూస్తే, 850 కిలోల మన నెల్లూరు పుట్టి లెక్కలో మూడు వందల పుట్లకు పైమాటే.

కుర్రవాడు గోడౌను తలుపు దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. అడ్డంగా 12 బస్తాలు, ఎత్తు 20 బస్తాలు. రెండు పక్కలా, వెనుకా గోడలను ఆనుకుని బస్తాలు పేర్చి ఉన్నాయి. లోతు ఎంత అని అడిగితే, "పదిహేను వరసలు బాబూ, వెనకంతా ఇట్లనే ఉంటాది" అన్నాడు గుమాస్తా. పైకెక్కి చూస్తాను, నిచ్చెన ఇమ్మన్నాడు. నిచ్చెన ఇంకో గోడౌనులో ఉందన్నారు. గుమాస్తా కుర్చీ వేసి టీ తెప్పించాడు. చీకటి పడుతోంది. ఆఫీసులోని సీనియరుకు ఫోను చేస్తే, "పోయిన సంవత్సరం కాగితాలు కూడా ఇట్లాగే ఉన్నాయి గదా. టిక్కు పెట్టేసి వచ్చేయ్. నీకు బస్సు తప్పిపోతుంది" అన్నాడు.

12, 20, 15 హెచ్చవేస్తే 3,600. లెక్క సరిపోయింది. కుర్రవాడు పచ్చ సిరా పెన్నుతో టిక్కు పెట్టి, పక్కన తన పేరులోని పొడి అక్షరాలు వేసి, బస్సెక్కాడు.

"ఫాదర్, నేను చూసింది ముందు వరసలోని 240 బస్తాలు. టిక్కు పెట్టింది 3,600 బస్తాలకు. నేను అబద్ధం ఆడినట్లా?" అని అడిగాడు.

నేను వెంటనే జవాబు చెప్పాను. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివిన రోజులు గుర్తుకు వచ్చాయి. చెడు పనిలో సహకారం రెండు విధాలని మాకు నేర్పారు. మనసు కలిపి చేసే సహకారం ఒకటి. మనసు కలపకుండా, పనిలో మాత్రమే చేయి వేయడం రెండవది. రెండవ దానిలో దోషం తక్కువ కావచ్చు, పరిస్థితులను బట్టి కొన్నిసార్లు లేకనూ పోవచ్చు. అందుకని, "నాయనా, రిపోర్టు మీద సంతకం నీది కాదు, ఆడిటరుది. చెప్పింది నీ సీనియరు. నీవు నేర్చుకునే దశలో ఉన్నవాడివి. మనసు పాడుచేసుకోకు" అన్నాను. నా జవాబుతో నాకు తృప్తి కలిగింది. కుర్రవాడికి కలగలేదు. లేచి వెళ్తూ ఒక మాట అన్నాడు.

"మా నాయన కూడా ధాన్యం మిల్లుకే వేస్తాడు ఫాదర్. ఈ మిల్లు కాదు, వేరేది. డబ్బులు రెండు మూడు నెలలకు ఇస్తారు. ఆ మిల్లుకు కూడా నాలాంటివాడే ఒకడు పోయి టిక్కు పెట్టి ఉంటాడు గదా."

పాఠకులారా, ఆ మాట నన్ను వదలలేదు. ఆ టిక్కు ఎంత దూరం ప్రయాణం చేస్తుందో చూడండి. కుర్రవాడి కాగితాన్ని నమ్మి సీనియరు ఫైలు మూస్తాడు. ఫైలును నమ్మి ఆడిటరు సంతకం చేస్తాడు. సంతకాన్ని నమ్మి బ్యాంకు ఆ స్టాకు మీద అప్పు ఇస్తుంది. బ్యాంకే నమ్మిన మిల్లు గదా అని రైతు తన పంటను చేతిలో పైసా పడకుండానే అక్కడ దించుతాడు. ఇంతమంది నమ్మకమూ చివరికి ఒక ఇరవై ఏళ్ల కుర్రవాడి కళ్ల మీద ఆధారపడి ఉంది. ఆ కళ్లు మాత్రం చూడలేదు.

అదే వారంలో నేను విచారణ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. వోచర్లు తిరగేస్తుంటే ప్రహరీ గోడ మరమ్మతు తాలూకు బిల్లు ఒకటి వచ్చింది. ఎనిమిది ట్రాక్టర్ల ఇసుక. దాని మీద 'సరుకు ముట్టింది' అని రాసి నేనే సంతకం చేశాను. ఆ ఇసుక తోలిన రెండు రోజులూ నేను ఊళ్లో లేను. మీటింగుకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి సగం ఇసుక గోడలో కలిసిపోయింది. ఎనిమిది ట్రాక్టర్లూ వచ్చే ఉంటాయి. తోలినవాడు మంచివాడే. కాని నేను చూడలేదు. చూసినట్లు రాశాను.

అప్పుడు నాకు నా తప్పు తెలిసింది. కుర్రవాడి టిక్కును నేను మరొకరి పనికి చేసిన సాయంగా లెక్కగట్టాను. అది సాయం కాదు. అది అతని స్వంత మాట. టిక్కుకు అర్థం 'నేను చూశాను' అని. పక్కన పొడి అక్షరాలు ఎందుకు వేయిస్తారు? ఏ పని ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో ఫైలులో రాసి ఉండాలని ఆడిటు ప్రమాణాలే చెబుతున్నాయి. రిపోర్టు ఆడిటరుది కావచ్చు. 'చూశాను' అనే సాక్ష్యం మాత్రం కుర్రవాడిదే. అందులో సహకారం అనే ప్రశ్న తరువాతి సంగతి. మొదటి ప్రశ్న, నీ మాట నిజమేనా అన్నది.

ఇక్కడ మీలో ఒకరు అడగవచ్చు: "లోపల బస్తాలు నిజంగానే 3,600 ఉంటే అబద్ధం ఎట్లా అవుతుంది ఫాదర్?" మంచి ప్రశ్న. పునీత అగుస్టీను గారు అబద్ధం గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. మనసులో ఒకటి ఉంచుకుని మాటతో వేరొకటి తెలపడమే అబద్ధమని ఆయన వివరించారు. పునీత తోమాసు అక్వీనాసు గారు ఇంకొంచెం ముందుకు వెళ్లి, చెప్పిన విషయం పొరపాటున నిజమే అయినా, అసత్యం చెప్పాలనే తలంపుతో చెబితే అందులో అబద్ధపు స్వభావం ఉంటుందని తేల్చారు. మన సంగతికి అన్వయిస్తే, బస్తాలు ఎన్ని అన్నది ఒక ప్రశ్న, వాటిని నేను చూశానా అన్నది వేరొక ప్రశ్న. బస్తాలు నిండుగా ఉన్నా రెండవ ప్రశ్నకు జవాబు మారదు. నా ఎనిమిది ట్రాక్టర్లూ అంతే. అదృష్టవశాత్తు నిజమైన మాటకూ, చూసి చెప్పిన మాటకూ తేడా ఉంది. ఆ తేడాను చూపించడానికే లోకంలో ఆడిటరు అనేవాడు ఉన్నాడు.

ఇది చాదస్తం అనుకునేవారికి చరిత్ర జవాబు చెబుతుంది. ఇంగ్లండులో 1896లో కింగ్‌స్టన్ కాటన్ మిల్లు కేసు ఒకటి నడిచింది. ఆ మిల్లులో పత్తి, నూలు నిల్వలను ఏళ్ల తరబడి ఎక్కువ చేసి చూపారు. ఆడిటర్లు మేనేజరు ఇచ్చిన కాగితాన్ని నమ్మి ఊరుకున్నారు. కోర్టు వారిని తప్పు పట్టలేదు. ఆడిటరు కాపలా కుక్కే గాని వేట కుక్క కాదని ఒక న్యాయమూర్తి అన్న మాటను నేటికీ ఆ చదువులో నేర్పుతారు. తరువాత అమెరికాలో మెక్‌కెసన్ అండ్ రాబిన్స్ అనే మందుల కంపెనీ గుట్టు 1938 డిసెంబరులో బయటపడింది. పుస్తకాలలో ఉన్న సరుకులో ఎంతో భాగం అసలు ఏ గోడౌనులోనూ లేదు. ఆడిటర్లు కాగితాలు చూశారు, గోడౌను చూడలేదు. ఆ మరుసటి సంవత్సరమే, స్టాకు లెక్కించేటప్పుడు ఆడిటరు దగ్గరుండి చూడాలన్న పద్ధతి అక్కడ స్థిరపడింది. మన దేశపు ప్రమాణాలలోనూ ఆ నియమం ఉంది. మార్చి 31న మన కుర్రవాడిని మిల్లుకు పంపింది ఆ నియమం ప్రకారమే. ఒకప్పుడు జనం మోసపోయారు గనుకనే ఆ ప్రయాణం ఏర్పడింది. అక్కడికి వెళ్లి చూడకుండా వస్తే, బస్సు చార్జీ తప్ప మిగిలిందేమిటి?

అంత దూరం ఎందుకు? మన హైదరాబాదు సంగతే చూడండి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు గారు స్వయంగా లేఖ రాసి, కంపెనీ పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్ల రూపాయలలో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. మొదట్లో చిన్నదిగా ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని కూడా ఆయనే తెలిపారు. ఇంత డబ్బు లేకపోయినా ఉన్నట్లు ఎలా చెలామణి అయింది? బ్యాంకులో డబ్బు ఉందో లేదో ఆడిటరు నేరుగా బ్యాంకుకు ఉత్తరం రాసి, నేరుగా జవాబు తెప్పించుకోవాలి. ఆ ఉత్తరాలను పంపే పని, జవాబులు తెచ్చే పని ఆడిటు సిబ్బంది కంపెనీవారి చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో తేల్చి, ఆ ఆడిటు సంస్థలకు 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా ప్రకటించింది. వారిలో ఇద్దరు ఆడిటర్లు. వారు పై కోర్టులో అప్పీలు చేసుకోగా శిక్ష అమలు నిలిచింది. కోర్టుల సంగతి కోర్టులకు వదిలేద్దాం. మనం గమనించవలసింది ఒక్కటే. ఉత్తరం పోస్టులో వేయడం, జవాబు అందుకోవడం చాలా చిన్న పనులు. ఏ ఆఫీసులోనైనా కుర్రవాళ్లకు అప్పజెప్పే పనులు. కోట్ల రూపాయల అబద్ధం అటువంటి చిన్న పనుల సందులోంచి నడిచి వెళ్లింది. సత్యం అని పేరు పెట్టుకున్నంత మాత్రాన సత్యం ఉండదు గదా.

అయితే కుర్రవాడి వైపు నుండి కూడా ఆలోచించాలి. అతనిది చిన్న స్థానం. సీనియరు చెప్పిన మాట కాదంటే పని నేర్పరు, సర్టిఫికెట్టు దగ్గర ఇబ్బంది పెడతారేమోనన్న భయం. తల్లిదండ్రుల ఆశలన్నీ అతని మీదే. విధేయత కూడా సద్గుణమే గదా! నిజమే. భయం దోషాన్ని తగ్గిస్తుందని శ్రీసభ ఎప్పుడూ ఒప్పుకుంటుంది. కాని భయమే ప్రతి పనినీ మాఫీ చేస్తుందంటే ఒప్పుకోదు. యజమాని చెడు పనికి కిటికీ ఎక్కుతుంటే నిచ్చెన పట్టుకున్న సేవకుడి ఉదాహరణ మాకు తరగతిలో చెప్పేవారు. భయంతో చేశాడు గనుక అది ఘోరపాపం కాదన్న వాదాన్ని 1679లోనే పదకొండవ ఇన్నోసెంటు పోపు గారు ఖండించారు. విధేయత అంటే చెప్పిన పని చేయడం. చూడనిది చూశానని చెప్పమనే అధికారం మాత్రం ఏ పెద్దకూ లేదు. ఎందుకంటే నా కళ్లు ఏం చూశాయో నాకంటే బాగా చెప్పగలవాడు లోకంలో ఇంకొకడు లేడు.

నేను కుర్రవాడిని మళ్లీ పిలిపించాను. "నాయనా, ఆ రోజు నీకు తప్పు జవాబు చెప్పాను" అన్నాను. నా ఇసుక బిల్లు సంగతి కూడా చెప్పాను. అతడు నవ్వలేదు. "ఇప్పుడేం చేయమంటారు ఫాదర్?" అన్నాడు. మిల్లువాళ్లను దొంగలనమని నేను చెప్పలేదు. దొంగలో కాదో మాకు తెలియదు. ఉద్యోగం మానమనీ చెప్పలేదు. చూసింది మాత్రం రాయమన్నాను. రిపోర్టు మీద సంతకం పెట్టడానికి ఇంకా నెలలు గడువుంది. అతడు మరునాడు వెళ్లి ఆ ఫైలులో తేదీ వేసి మూడు ముక్కలు రాశాడు. ముందు వరసలో 240 బస్తాలు చూశాను. లోతు మిల్లు గుమాస్తా చెప్పినది. పైకి ఎక్కి చూడలేదు.

అందులో నిందలేదు, వీరత్వమూ లేదు. తీర్పు చెప్పే పని పెద్దలకు వదిలేసి, తన సాక్ష్యాన్ని మాత్రం సరిదిద్దుకున్నాడు.

తరువాత ఏం జరిగిందో కూడా దాచకుండా చెప్పాలి. సీనియరుకు కోపం వచ్చింది. ఆడిటరు గారు ఆ కాగితం చదివి ఏమీ అనలేదు. కొన్ని రోజులకు ఆ మిల్లుకు ఇంకొకరిని పంపారు. అక్కడ ఏం తేలిందో కుర్రవాడికి చెప్పలేదు, అతడు అడగలేదు. ఆ తరువాత చాలా నెలలు అతన్ని బయట ఊళ్లకు పంపకుండా ఆఫీసులోనే రిటర్నుల పని మీద కూర్చోబెట్టారు. బత్తా పోయింది. వాళ్లమ్మ ఒక ఆదివారం పూజ అయ్యాక నా దగ్గరకు వచ్చి, "మీ మాట విని వాడు నష్టపోయినాడు ఫాదర్ గారూ" అంది. ఆమెతో వాదించలేదు. నష్టం నిజమే. సత్యం చెప్పినవాడికి లాభం తప్పక వస్తుందని నేను పీఠం మీద నుండి ఎన్నడైనా చెప్పి ఉంటే, అది కూడా చూడకుండా పెట్టిన టిక్కే. "అమ్మా, నీ కొడుకు రాసిన కాగితాన్ని ఇక మీదట ఎవరైనా నమ్మవచ్చు. నేను ఇవ్వగలిగింది ఆ మాటే" అన్నాను. ఆమెకు అది చాల్లేదని నాకు తెలుసు. ఆ బత్తాతో ఇంట్లో ఏం గడిచేదో ఆమెకే తెలుసు.

నా వంతు కూడా చెబుతాను. విశ్వాసులు ఇచ్చిన కానుకలకు ప్రతి సంవత్సరం లెక్క రాయాలని, ఆ లెక్కను విశ్వాసులకు కూడా తెలియజేయాలని 1983 నాటి శ్రీసభ న్యాయస్మృతిలోని 1284, 1287 సూత్రాలు చెబుతున్నాయి. విచారణ ఆర్థిక సంఘం ముందు ఆ ఇసుక బిల్లు పెట్టి, 'నేను చూడలేదు' అని చెప్పాను. ఒకరిద్దరు ఇబ్బందిగా కదిలారు. ఆ తరువాత నుండి సరుకు దిగినప్పుడు అక్కడ ఉన్నవారే చీటీ రాసి సంతకం చేస్తున్నారు. నేను లేని రోజున నా సంతకం లేదు.

లెక్కలు లోక సంబంధమైనవి, భక్తికి వాటితో పనేమిటి అనుకునేవారు మనలో ఉన్నారు. జమ, ఖర్చు రెండు వైపులా రాసే పద్ధతిని 1494లో వెనిస్ నగరంలో అచ్చయిన గ్రంథంలో వివరించిన లూకా పచోలీ ఫ్రాన్సిసు సభకు చెందిన సన్యాసి. లెక్కల పుస్తకాన్ని దేవుని నామంతో మొదలుపెట్టాలని ఆయన వర్తకులకు సలహా ఇచ్చాడు. లూకా సువార్త 16వ అధ్యాయంలోని గృహనిర్వాహకుడిని కూడా గుర్తు చేసుకోండి. నూరు మణుగుల నూనె బాకీని యాభైగా, నూరు తూముల గోధుమలను ఎనభైగా దిద్దించాడు. యజమాని అతని ముందుచూపును మెచ్చుకున్నాడే గాని, ఆ దిద్దిన పత్రాలు సత్యమని అనలేదు. చిన్నవాటిలో నమ్మకంగా ఉండడం గురించిన బోధ ఆ ఉపమానం వెంటనే రావడం ఊరకనే కాదు.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఆడిటు ఆఫీసులోనో, బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో పని నేర్చుకుని సాయంత్రం ఇంటికి వస్తారు. స్టైపెండు ఎంత, పర్మనెంటు ఎప్పుడు చేస్తారు అని అడుగుతాం. అడగండి, తప్పులేదు. దానితోపాటు, ఈ రోజు ఏం చూశావు, ఏం రాశావు అని కూడా అడగండి. రెండింటికీ తేడా వచ్చిన రోజున వాళ్లు మొదట మీతో చెప్పుకోగలగాలి. నాలాగా తొందరపడి 'ఏం ఫరవాలేదులే' అనకండి. పిల్లలకు పని నేర్పే పెద్దలారా, మీకు కూడా ఒక మాట. మీ దగ్గరకు వచ్చిన కుర్రవాడు టిక్కు పెట్టడం ఒక్కరోజులో నేర్చుకుంటాడు. చూశాకే పెట్టాలని నేర్పడానికే మీకు ఆ రెండేళ్లు ఇచ్చారు.

మళ్లీ మార్చి 31 వస్తుంది. మన కుర్రవాడిని ఈసారి బయటకు పంపుతారో లేదో తెలియదు. పంపితే మాత్రం ముందుగానే ఫోను చేసి, నిచ్చెన సిద్ధంగా ఉంచమని మిల్లువాళ్లకు చెబుతానన్నాడు.